208 రాకెట్లకు దొరకని ఎర్ర విమానం

కామరిల్లో, శనివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. వీడియో కాల్‌లో మొహాలు చూసుకునే రోజుల్లో నాలుగు కాగితాలు చేత్తో రాసి పంపావంటే మా ఆవిడ నమ్మలేదు. "ఆయనకి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. నీ దస్తూరీ ఇప్పటికీ కోడి గెలికినట్టే ఉంది కాబట్టి రాసింది నువ్వేనని తేలిపోయింది. హకీంపేట నుంచి లేచే శిక్షణ విమానాల మోతకి మధ్యాహ్నం కునుకు పట్టడం లేదని తిట్టుకున్నావు చూడు, అది చదవగానే ఈ కథ నీకు రాసి తీరాలనిపించింది. నువ్వు ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ పక్కన కాపురం ఉన్నావు. నేనూ అంతే. కాకపోతే మాది ఎప్పుడో మూతపడిన స్టేషన్.

కామరిల్లో అంటే లాస్ ఏంజెలెస్‌కి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఇప్పుడు దిగేవన్నీ చిన్న విమానాలే. చుట్టుపక్కలంతా స్ట్రాబెర్రీ తోటలు. ఆరేళ్లుగా ఆ పక్కనుంచే ఆఫీసుకి పోతున్నాను. ఒకప్పుడు అది ఆక్స్‌నార్డ్ ఎయిర్‌ఫోర్స్ బేస్ అని, అక్కడ 437వ ఫైటర్ ఇంటర్‌సెప్టర్ స్క్వాడ్రన్, అంటే శత్రువిమానాల్ని దారిలోనే అడ్డుకునే దళం, ఉండేదని మొన్న మొన్నటిదాకా నాకు తెలీదు. అక్కడున్న పాత విమానాల మ్యూజియంకి మావాణ్ని తీసుకెళ్లాను. వాడు అరగంటలో విసుక్కున్నాడు. నేను సాయంత్రం దాకా కదల్లేదు. ఇంటికొచ్చాక ఇంకో వారం రోజులు చదువుతూనే ఉన్నాను.

ముందు కాస్త వెనక్కి వెళ్లాలి, ఓపిక పట్టు. 1949లో రష్యావాళ్లు అణుబాంబు పేల్చేసరికి అమెరికాకి నిద్ర పట్టలేదు. వాళ్ల బాంబర్లు ఉత్తర ధ్రువం మీదుగా వస్తే? ఒక్కటి తప్పించుకుని లోపలికొచ్చినా ఒక ఊరు పోయినట్టే. అందుకని దేశం చుట్టూ రాడార్లు పెట్టి, పగలూ రాత్రీ ఇంటర్‌సెప్టర్ విమానాలు సిద్ధంగా ఉంచారు. సైరన్ మోగితే పైలట్లు పరిగెత్తి ఎక్కి నిమిషాల్లో గాల్లోకి లేవాలి. 437 పుట్టింది రెండో ప్రపంచయుద్ధం నాడే. 1945లో ఇవో జిమా దీవిలో పీ-47 థండర్‌బోల్ట్‌లు నడిపారు. జెట్ కాలంలో మళ్లీ పోగుచేసి, 1955లో లాస్ ఏంజెలెస్‌కి కాపలాగా ఈ ఊరికి పంపారు.

వాళ్లకిచ్చిన విమానం నార్త్‌రాప్ ఎఫ్-89డీ స్కార్పియన్. ముందు పైలట్, వెనక రాడార్ చూసేవాడు. తోక ఎత్తుగా లేచి ఉండటంతో ఆ తేలు పేరొచ్చింది. దానికి ఫిరంగులు లేవు! రెక్కల చివర రెండు పెద్ద గొట్టాలు, ఒక్కోదాంట్లో 52 చొప్పున మొత్తం 104 చిన్న రాకెట్లు. పేరు మైటీ మౌస్. యుద్ధం చివర్లో జర్మన్లు వాడిన రాకెట్ చూసి చేసినవి. గురిపెట్టి వెంటాడేవి కావు, వదిలేశాక వాటి దారి వాటిదే. గుంపుగా వదిలితే వాటిలో ఒక్కటి తగిలినా బాంబర్ కూలుతుందని లెక్క.

దాడి చేసే పద్ధతి కూడా కొత్తది. బాంబర్ వెనకాల పోతే దాని తోకలోని తుపాకీవాడు కాలుస్తాడు. అందుకని పక్కనుంచి అడ్డంగా రావాలి. వెనక సీటువాడు రాడార్‌తో లక్ష్యాన్ని పట్టుకుంటే, హ్యూస్ కంపెనీ కంప్యూటర్ ఎక్కడ కలవాలో లెక్కగడుతుంది. పైలట్ చెయ్యాల్సిందల్లా తెరమీది చుక్కని వలయం మధ్యలో ఉంచడం. సరైన క్షణంలో రాకెట్లు వాటంతటవే దూసుకుపోతాయి. ఇంత తెలివైన యంత్రం ఉన్నాక ఇంకా పాత గన్‌సైట్ ఎందుకని, కంటితో గురిచూసే ఆ పరికరాన్ని విమానాల్లోంచి పీకేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకో.

1956 ఆగస్టు 16. ఇక్కడికి దగ్గర్లోనే, సముద్రం ఒడ్డున పాయింట్ మూగూలో నేవీవాళ్ల స్థావరం ఉంది. పొద్దున 11 దాటాక అక్కడినుంచి ఎర్రరంగు పూసిన పాత హెల్‌క్యాట్ ఒకటి లేచింది, రెండో ప్రపంచయుద్ధం నాటి నేవీ ఫైటర్ విమానం. లోపల మనిషి లేడు, రేడియోతో నడిపే డ్రోన్. సముద్రం మీదికి తీసుకెళ్లి క్షిపణి పరీక్షకి గురిగా వాడాలని దాన్ని పంపారు. మధ్యలో రేడియో మాట వినడం మానేసింది. వెళ్లాల్సింది సముద్రంవైపు, వెళ్లింది లాస్ ఏంజెలెస్ వైపు. నేవీవాళ్ల దగ్గర ఆ టైంకి వెంటపడే విమానం లేక పక్కనున్న ఆక్స్‌నార్డ్‌కి ఫోన్ చేశారు.

437 నుంచి రెండు స్కార్పియన్లు లేచాయి. ఒక పైలట్ ఇంటిపేరు ఐన్‌స్టీన్. నిజంరా, నేను కల్పించింది కాదు. లాస్ ఏంజెలెస్‌కి ఈశాన్యంగా 30,000 అడుగుల ఎత్తులో దాన్ని పట్టుకున్నారు. ఇక్కడ వాళ్లని మెచ్చుకోవాలి. ఊరి మీద కాల్చలేదు. అదేమో తాగుబోతులా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతోంది. సాంటా పౌలా నిమ్మతోటల మీద తీరుబడిగా చక్కర్లు కొట్టింది. జనం లేని కొండలవైపు పోయేదాకా వీళ్లు ఓపిగ్గా వెంట తిరిగారు. అంతలో అది మళ్లీ ఊరివైపు మళ్లింది. ఇంక ఆగితే లాభం లేదని మీట నొక్కారు.

రాకెట్లు కదల్లేదు.

మళ్లీ అడ్డంగా వచ్చి నొక్కారు. కదల్లేదు. తీరా చూస్తే ఆ ఆటోమేటిక్ వ్యవస్థలోనే లోపం ఉంది. విమానం తిరుగుతూ ఉంటే అది పేల్చదు. ఎర్ర హెల్‌క్యాట్ పోతున్నది గుండ్రంగా, దాన్ని పట్టుకోవాలంటే వీళ్లూ తిరక్క తప్పదు. సరే, చేత్తో పేలుద్దామంటే గురిచూసే అద్దం ఎప్పుడో పీకేశారు కదా! మా ఆఫీసులో కిందటేడు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు "ఈ పాత బటన్ దేనికి, తీసెయ్యండి" అని చెప్పిన మహానుభావుణ్ని నేనే. ఆ తర్వాత ఒక రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు. అందుకే ఈ చోటు చదువుతుంటే నాకు నవ్వు రాలేదు.

కంటి అంచనాతో మొదటి విమానం 42 రాకెట్లు వదిలింది. తగల్లేదు. రెండోది ఇంకో 42 వదిలింది. కొన్ని హెల్‌క్యాట్ పొట్టకి రాసుకుంటూ పోయాయి కానీ ఒక్కటీ పేలలేదు. తర్వాత ఇద్దరూ చెరో 32. చివరికి ఎడారి అంచున ఉన్న పామ్‌డేల్ అనే ఊరి దగ్గర చెరో 30. కూడుకో, 208. గంటకి 600 మైళ్లు దాటే జెట్‌లు రెండు, నిన్నటి యుద్ధంలో మిగిలిన పంకా విమానాన్ని, అదీ డ్రైవర్ లేనిదాన్ని, కూల్చలేక వెనక్కి తిరిగాయి. ఇంధనం అయిపోవచ్చింది మరి.

నీకు గుర్తుందా, మీ పెరటి మామిడికాయ కోసం ఉండేలు పట్టుకుని మనం సగం రోజు కొట్టాం. కాయ అలాగే ఉంది, పక్కింటి పెంకులు మాత్రం పగిలాయి. తెల్లారి గాలికి కాయ దానంతటదే రాలింది. ఇక్కడా అచ్చం అదే జరిగింది. పైన పేలని రాకెట్లు కింద పడి పేలాయి. కాస్టేక్ దగ్గర కొండమీద గడ్డి అంటుకుంది. ప్లసెరిటా లోయలో చమురు గుంటలు మండాయి. మంటలు ఒక పేలుడుమందు ఫ్యాక్టరీకి 300 అడుగుల దాకా వచ్చి ఆగాయట. ట్రక్కులో కూర్చుని అన్నం తింటున్న ఇద్దరు పనివాళ్లు, ఎండ మండిపోతోందని దిగి చెట్టుకిందికి పోయారు. అంతలో రాకెట్ పడి ట్రక్కు పోయింది. పామ్‌డేల్‌లో ఒక ఇంటి కిటికీలోంచి ముక్క దూసుకొచ్చి, పైకప్పుకి కొట్టుకుని, గోడలోంచి వంటింటి అలమరలోకి చేరింది. కారు నడుపుకుంటూ పోతున్న ఓ కుర్రాడి టైరు, రేడియేటర్ తూట్లు పడ్డాయి. ఇంత జరిగినా ఒక్క ప్రాణం పోలేదు. సుమారు 1,000 ఎకరాలు కాలిపోయాయి. 500 మంది రెండు రోజులు కష్టపడితే గానీ మంటలు ఆరలేదు. ఆ తర్వాత సైన్యంవాళ్లు వచ్చి పామ్‌డేల్ చుట్టుపక్కల పేలకుండా పడి ఉన్న 13 రాకెట్లు ఏరారు.

ఇక మన ఎర్రది. పెట్రోలు అయిపోయి, మెల్లిగా చుట్లు తిరుగుతూ దిగి, పామ్‌డేల్‌కి తూర్పున ఎడారిలో కూలింది. పోతూ పోతూ మూడు కరెంటు తీగలు తెంపింది. అసలు నష్టమంతా కాపలావాళ్లు చేసిందే, దొంగ చేసింది ఆ మూడు తీగలే! దాని శకలాలు 1997లో దొరికాయి.

మరి రాకెట్ తగలకపోతే ఏం చెయ్యాలి? గురి బాగుచేసుకుంటారని మనం అనుకుంటాం. దానికంటే పెద్ద ఉపాయమే వేశారు. తగలాల్సిన పనే లేని రాకెట్ చేశారు. పేరు జీనీ. దాని తలలో అణుబాంబు. ఇది పామ్‌డేల్ కథ వల్ల పుట్టింది కాదు, అప్పటికే తయారవుతోంది. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్ల ఆలోచన ఎటు పోతోందో తెలుస్తుంది. 1957 జులై 19న నెవాడాలో స్కార్పియన్‌లోనే ఇంకో రకమైన ఎఫ్-89జే దాన్ని నిజంగానే పేల్చింది. ప్రమాదం ఏమీ లేదని జనానికి చూపించాలని అయిదుగురు ఆఫీసర్లు సరిగ్గా ఆ పేలుడు కింద, నేలమీద నిలబడ్డారు, నెత్తిమీద టోపీ కూడా లేకుండా. కెమెరామన్ ఒకడు వాళ్లని తీస్తూ ఉన్నాడు. ఆ ఫిల్మ్ దొరుకుతుంది, చూడు. కింద పాతిన బోర్డు మీద "జనాభా 5" అని రాసి ఉంటుంది. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1960లో 437కి ఎఫ్-101బీ వూడూలనే కొత్త ఇంటర్‌సెప్టర్లు వచ్చాయి, జీనీలు మోసేవే. 1968లో దళాన్ని రద్దు చేశారు. బాంబర్ల కంటే క్షిపణుల భయం పెరిగాక ఇంటర్‌సెప్టర్ల పని తగ్గింది. రష్యా బాంబర్ ఒక్కటీ రాలేదు. ఈ దళం పేరు చెబితే ఈ చుట్టుపక్కల ఎవరికైనా గుర్తొచ్చేది ఆ ఒక్క మధ్యాహ్నమే. పాపం అనిపిస్తుంది రా. పదమూడేళ్లు రాత్రింబవళ్లు కాపలా కాసిన మనుషులు.

అన్నట్టు, ఆ మ్యూజియం హ్యాంగర్‌లో మావాడు విసుక్కుంటూ ఒక విమానం చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. ఏమిటా అని బోర్డు చదివితే హెల్‌క్యాట్! ఎర్రది కాదులే, నీలంరంగుది. 437 ఉన్న చోటే దర్జాగా కాపురం పెట్టింది. ఫొటో దీనితో పెడుతున్నాను, వెనక నిలబడ్డది నేనే, పొట్ట చూసి నవ్వకు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఆపరేషన్ సంగతి రాయలేదు నువ్వు. చెల్లాయిని అడిగానని చెప్పు. ఈసారైనా అక్షరాలు కాస్త విడివిడిగా రాయి, రెండో పేజీలో నాలుగు లైన్లు నాకింకా అర్థం కాలేదు.

నీ
రాంబాబు