బొమ్మ చూసి వైరు అతికించొద్దు, మీటర్ పెట్టి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్ళిపోయినా మా ఇంట్లో పొద్దున్న టీ తోపాటు చదివేది మాత్రం మీ తెలుగు పేపరే. గిడుగు రామ్మూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కదా అని మాట్లాడినట్టే రాసేస్తున్నాను, గ్రాంథికం ఎలాగూ రాదు.

మీ టెక్నాలజీ పేజీలో ఏ ఫోన్‌కి ఎన్ని కెమెరాలో, ఏది ఎంత రేటో రాస్తుంటారు, బానే ఉంటుంది, కానీ మా లాంటి ఊళ్ళల్లో కొత్తవి కొనేవాళ్ళ కంటే పాతవి విప్పేవాళ్ళే ఎక్కువండీ, వాళ్ళకి పనికొచ్చేది ఒక్క ముక్క కూడా కనపడదు. నాది రిపేరు షాపు. ఫోన్లు, మిక్సీలు, ఇన్వర్టర్లు, ఏదొస్తే అది చూస్తాను. ఈమధ్య పాత వీడియో గేమ్ కన్సోల్స్ బాగా వస్తున్నాయి. గంజాం వైపు నుంచి సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళినవాళ్ళు, శ్రీకాకుళం వైపు నుంచి గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు పిల్లలకని సెకండ్‌హ్యాండ్‌లో పట్టుకొస్తారు, పాత ప్లేస్టేషన్, పీఎస్ టూ, ఎక్స్‌బాక్స్ 360 ఇలాంటివి. తీరా ఇంటికొచ్చాక చూస్తే మిషన్ జపాన్‌ది, డిస్కు యూరప్‌ది, రెండూ ఒరిజినలే కానీ ఒకదాన్ని ఒకటి ఒప్పుకోదు. అప్పుడెవడో మోడ్‌చిప్ వేయించెయ్ అంటాడు, అంటే ఏ దేశం డిస్కైనా మిషన్ ఒప్పుకునేలా బోర్డు మీద అతికించే చిన్న చిప్పు, ఇంట్లో డిప్లొమా చదివే కుర్రాడు ఉంటే వాడే ఏ వైరు ఎక్కడ అతికించాలో చూపించే బొమ్మ ఫోన్లో పెట్టుకుని సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటాడు, ఆ తర్వాత ఆ బోర్డు నా టేబుల్ మీదకి వస్తుంది.

వచ్చిన బోర్డులు చూస్తే ఏడుపొస్తుంది. ఐసీ, అదే బోర్డు మీద ఉండే నల్లటి చిప్పు, దాని కాళ్ళు రెండు కలిసి ముద్దైపోయి ఉంటాయి, సన్నటి రాగి ట్రాక్ రిబ్బన్‌లా పైకి లేచి ఉంటుంది, గ్రౌండ్ దగ్గర అరగంట కాల్చినట్టు బోర్డు నల్లబడి ఉంటుంది. అందరూ అనేది ఒకటే మాట, చిప్ డూప్లికేట్ ఇచ్చాడన్నా అని. చిప్ తీసి చూస్తే చాలాసార్లు శుభ్రంగా ఉంటుంది. పోయింది వైరు అతికించిన చోటు. నేను చెప్పదలుచుకున్నది కూడా ఇదే, మోడ్‌చిప్ పనిలో చిప్ కొనడం సులువు, ఏ చోట టంకం పెడితే బోర్డు బతుకుతుందో అది వెతుక్కోవడమే అసలు పని, ఆ చోటు బొమ్మలో దొరకదు, మీ చేతిలో ఉన్న బోర్డు మీద మల్టీమీటర్ పెట్టి వెతుక్కోవాలి.

మొదటి ప్లేస్టేషన్ సంగతే తీసుకుందాం, 1994 డిసెంబర్లో జపాన్‌లో వచ్చింది అది. దాని డిస్కు లోపలి అంచు దగ్గర గాడిని ఫ్యాక్టరీలోనే కావాలని కొద్దిగా వణికించి అందులో నాలుగక్షరాలు దాచారు, జపాన్‌కి ఎస్‌సీఈఐ, అమెరికాకి ఎస్‌సీఈఏ, యూరప్‌కి ఎస్‌సీఈఈ. మామూలు సీడీ రైటర్ ఆ వణుకుని రాయలేదు. మిషన్‌లో డిస్కు కంట్రోలర్ ఆ అక్షరాల కోసం చూస్తుంది, మోడ్‌చిప్ చేసేదల్లా అవే అక్షరాల్ని సెకనుకి 250 బిట్ల చొప్పున ఆ లైన్లోకి నెమ్మదిగా పంపడం. అంటే చిప్‌కి కావాల్సినవి కరెంటు, గ్రౌండ్, ఆ డేటా లైను, డిస్కు నుంచి వచ్చే అసలు సిగ్నల్‌ని ఆపే గేట్ లైను, రకాన్ని బట్టి రీసెట్టు, మూత స్విచ్చు, క్లాకు. ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పు, ఇంత దానికి బోర్డు మొత్తం పాడుచేసుకోవడం ఏటండీ.

అన్నిటికన్నా ముందు బోర్డు నంబరు చూడాలి. కింద స్టిక్కర్ మీద ఎస్‌సీపీహెచ్ అని మొదలయ్యే మోడల్ నంబరు చూసి ఆగిపోతారు, అది చాలదు. విప్పాక బోర్డు మీదే పీయూ-8, పీయూ-18, పీయూ-22, పీయూ-23 అని అచ్చేసి ఉంటుంది, చిన్న పీఎస్‌వన్ అయితే పీఎం-41, అందులోనే తర్వాత రెండో రకం కూడా వచ్చింది, బయటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. బోర్డు మారితే చోట్లన్నీ మారిపోతాయి, ఆ గేట్ లైను తీరు కూడా పీయూ-20 వరకు ఒకలాగా, పీయూ-22 నుంచి ఇంకోలాగా ఉంటుంది. యూరప్ పీఎస్‌వన్ ఎస్‌సీపీహెచ్-102 అయితే బయోస్, అంటే మిషన్ ఆన్ అవ్వగానే నడిచే ప్రోగ్రాం ఉన్న చిప్పు, అది కూడా డిస్కు ఏ దేశానిదో చూస్తుంది కాబట్టి వైరు బయోస్ దాకా వెళ్ళాలి. పీయూ-18 బొమ్మ పెట్టుకుని పీయూ-22 మీద అతికించి ఆడట్లేదంటే ఎలా ఆడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. బొమ్మలో బాణం గుర్తు ఐసీ కాలి మీద ఉంటుంది. ఆ కాళ్ళ మధ్య దూరం చాలా ఐసీల్లో అర మిల్లీమీటరు కూడా సరిగ్గా ఉండదు, మన 25 వాట్ల ఐరన్ బిట్టు పెడితే ఒకేసారి మూడు కాళ్ళని తాకుతుంది. అక్కడ పెట్టక్కర్లేదు. ఆ కాలి నుంచి ఒక ట్రాక్ బయల్దేరి ఎక్కడికో వెళ్తుంది కదా, దారిలో ఎక్కడో ఒక రెసిస్టర్ ఉంటుంది, లేదా ఫ్యాక్టరీవాళ్ళు టెస్టింగ్‌కి వదిలిన గుండ్రటి పాయింట్ ఉంటుంది, లేదా ట్రాక్ కిందవైపుకి దిగే చిన్న కన్నం, దాన్ని వయా అంటాం, అది ఉంటుంది. కరెంటు తీసేసి, కాసేపు ఆగి, మీటర్ని బజర్లో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ అనే సెట్టింగ్‌లో) పెట్టి ఒక ప్రోబు ఆ ఐసీ కాలి మీద సూదిలా ఆనించి, రెండోది దగ్గర్లో ఉన్న ఒక్కో పాయింట్ మీద పెట్టుకుంటూ వెళ్తే ఎక్కడో బీప్ అంటుంది. మీటర్ ప్రోబు లావుగా ఉంటే దానికి కుట్టుసూది చుట్టి పెట్టుకోండి, నేను ఇప్పటికీ అదే చేస్తాను. బీప్ అనగానే సంతోషపడిపోవద్దు, రీడింగ్ చూడండి, సున్నాకి దగ్గరగా ఉంటేనే నేరుగా కలిసినట్టు, ముప్పై నలభై ఓమ్‌లు చూపిస్తూ కూడా కొన్ని మీటర్లు బీప్ అంటాయి, అంటే మధ్యలో ఏదో పార్ట్ ఉందన్నమాట. అలాగే పక్క కాలి మీద కూడా పెట్టి చూడండి, అక్కడా బీప్ అంటే మీరు వెతుకుతున్నది సిగ్నల్ కాదు, గ్రౌండో కరెంటో అయ్యుంటుంది.

అలా దొరికిన చోట్లలో రాగి ఎక్కడ వెడల్పుగా ఉందో అదే ఎంచుకోవాలి. నా లెక్కలో టెస్ట్ పాయింట్ ముందు, రెసిస్టర్ చివర తర్వాత, వయా ఆ తర్వాత, ఐసీ కాలు ఆఖరికి, అదీ వేరే గతి లేకపోతేనే. చిన్న సిరామిక్ కెపాసిటర్ చివర కూడా వాడొచ్చు గానీ ఎక్కువసేపు వేడి పెడితే అది లోపల పగులుతుంది, పైకి కనపడదు, అదొక గోల.

వయా మీద పెట్టేటప్పుడు జాగ్రత్త. పైన ఆకుపచ్చ పూత ఉంటుంది, బ్లేడు మూలతో మెల్లగా గీకాలి, ఎర్రటి రాగి మెరవగానే ఆపెయ్యాలి, అంత చిన్న రాగి ఉంగరానికి ఇంకో రెండు గీతలు పడితే తెగిపోతుంది. టంకం బాగా పట్టడానికి వాడే ఫ్లక్సు ఒక చుక్క వేసి ముందు రాగికి పలచగా టంకం పట్టించి, వైరు చివరకి కూడా విడిగా పట్టించి, అప్పుడు రెండిటినీ ఆనించి బిట్టు తగిలించి తీసెయ్యాలి, ఒక సెకను రెండు సెకన్లు, అంతే. వైరు 30 ఏడబ్ల్యూజీ చాలు, పావు మిల్లీమీటరు ఉంటుంది. కొంతమంది పాత ఫ్యాన్ వైరు పోగులు మెలేసి అతికిస్తారు, అది బిరుసుగా ఉండి మూత వేసేటప్పుడు ఒత్తిడికి పాయింట్‌ని పీక్కొచ్చేస్తుంది. పాయింట్ నుంచి కాస్త దూరంలో వైరుని హాట్ గ్లూతో బోర్డుకి పట్టించేస్తే తర్వాత ఎవరు లాగినా ఆ లాగుడు పాయింట్ దాకా రాదు.

కరెంటుకి మాత్రం ఎప్పుడూ ఐసీ దగ్గరికి వెళ్ళొద్దు. పెద్ద మోడళ్ళలో పవర్ బోర్డు నుంచి మదర్ బోర్డుకి 7.5 వోల్టులు, 3.5 వోల్టులు రెండూ వస్తాయి, చిప్‌కి కావాల్సింది 3.5. ఆ లైన్లో ఉన్న పెద్ద కెపాసిటర్ ప్లస్ కాలు తీసుకోండి, 7.5 కి తగిలిందంటే చిప్ అక్కడికక్కడే పోతుంది. గ్రౌండ్ కూడా రేకు షీల్డు మీద, స్క్రూ పాయింట్ మీద పెట్టకండి, వెనక రాగి అంతా కలిసి ఉంటుంది కాబట్టి వేడి మొత్తం లాగేసుకుంటుంది, ఐరన్ ఎంతసేపు పెట్టినా టంకం కరగదు, బోర్డు నల్లబడేది అందుకే. కెపాసిటర్ మైనస్ కాలు చూసుకోండి. ఇంకోటి, ఈ పెద్ద మోడళ్ళలో పవర్ బోర్డు లోపలే ఉంటుంది, మూత తీసి ఆన్ చేసి వోల్టేజి చూసేటప్పుడు ఒకవైపు నేరుగా మెయిన్స్ ఉంటుంది, చెయ్యి పెడితే ప్రాణాల మీదకొస్తుంది. జపాన్ మిషన్ అయితే అది 100 వోల్టులది, మన 230 లో నేరుగా పెట్టారంటే పవర్ బోర్డే పోతుంది, చిప్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు. చిన్న పీఎస్‌వన్‌కి అడాప్టర్ బయట ఉంటుంది కాబట్టి అది కాస్త నయం.

ఐరన్ సంగతి కూడా చెప్పాలి. మా వైపు దొరికేవన్నీ రెండు పిన్నుల ఐరన్లు, ఎర్త్ ఉండదు. మీటర్ ఏసీలో పెట్టి బిట్టుకీ ఎర్త్‌కీ మధ్య చూడండి, పదుల వోల్టులు చూపిస్తుంది. కరెంటు తక్కువే గానీ సున్నితమైన ఐసీకి అది చాలు. మూడు పిన్నుల సోల్డరింగ్ స్టేషన్ కొనలేకపోతే బిట్టు బాగా కాలాక ప్లగ్ పీకేసి అప్పుడు టంకం పెట్టండి, ఆ వేడి ఒకట్రెండు పాయింట్లకి సరిపోతుంది. టంకం 63/37 ది (63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం) అయితే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది, ప్లేస్టేషన్ బోర్డుకి అది హాయి. ఎక్స్‌బాక్స్ 360 లాంటివి సీసం లేని టంకంతో వచ్చినవి, అది 217 దాటితేగానీ కరగదు, అందుకే వాటి మీద ముందు మన సీసం టంకం కొంచెం కలిపి మెత్తబరిచి అప్పుడు పని చెయ్యాలి, లేకపోతే పాయింట్ లేచొచ్చేస్తుంది.

360 లో ఇంకో తిప్పలుంది. 2011లో బయటికొచ్చిన ఆర్‌జీహెచ్ (రీసెట్ గ్లిచ్ హ్యాక్) పద్ధతిలో చిప్ ప్రాసెసర్ రీసెట్ లైన్ మీద చాలా చిన్న దెబ్బ కొడుతుంది, అక్కడ వైరు పొడుగు, అది వెళ్ళే దారి కూడా తేడా చేస్తాయి, సేఫ్‌గా ఉందని దూరంగా పాయింట్ ఎంచుకుంటే మిషన్ అసలు బూటే అవ్వదు. కరోనా అనే బోర్డు వచ్చేసరికి కంపెనీ పోస్ట్ లైన్ (మిషన్ బూట్ ఎంతదాకా వచ్చిందో చిప్‌కి చెప్పే లైను) ట్రాక్‌నే పైకి కనపడకుండా తీసేసింది, దానికి ప్రాసెసర్ అంచు కింద ఉండే టంకం బాల్‌ని తాకే అడాప్టర్ పెట్టాలి. నింటెండో స్విచ్ అయితే ప్రాసెసర్ పక్కన ఇసక రేణువుల్లాంటి కెపాసిటర్ల మీద పని, మైక్రోస్కోప్ లేకుండా ముట్టుకోవద్దు, నేనైతే తీసుకోను.

అసలు టంకం అవసరమా అని కూడా ముందు చూసుకోవాలి కదా. పీఎస్ టూ చాలావాటికి మెమరీ కార్డులో ఫ్రీ ఎంసీబూట్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే చాలు, ఆఖర్లో వచ్చిన 90000 సిరీస్‌లో కొన్నిటికే అది పనిచెయ్యదు. 2017లో, 2018 మొదట్లో వచ్చిన స్విచ్‌లకి చిప్పే అక్కర్లేదు. మొదటి ప్లేస్టేషన్‌కి కూడా మెమరీ కార్డు దారులు వచ్చాయి. బోర్డు విప్పకుండా అయ్యే పనికి ఐరన్ కాల్చడం దేనికి.

చట్టం సంగతి దాచను. మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఏ అనే సెక్షన్ చేర్చారు, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళాలు తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. దొంగ డిస్కులు ఆడించడానికి చిప్ వెయ్యమని వచ్చేవాళ్ళని నేను వెనక్కి పంపేస్తాను, పక్క షాపులో చేస్తాడు అంటే చేయించుకోమంటాను. సొంత డబ్బుతో కొన్న ఒరిజినల్ డిస్కు వేరే దేశానిదైనంత మాత్రాన ఆడకూడదంటే మాత్రం నాకు మనసొప్పదు.

మీ పేజీలో వారానికోసారైనా ఇలాంటి చేతిపని గురించి రాయించండి సార్, మీటర్ ఎలా పట్టుకోవాలి, బజర్ ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు, ఇవి తెలుగులో ఎక్కడా సరిగ్గా దొరకవు. పాతపట్నం, గుణుపురం, బరంపురం వైపు ఐటీఐ, డిప్లొమా చదివే తెలుగు కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు, లెక్కలన్నీ పరీక్షలో బాగా వేస్తారు, బోర్డు ముందు పెడితే ఏ కాలు ఎటు పోతుందో వెతకడం తెలీదు, అది వాళ్ళ తప్పు కాదు, ఎవరూ చూపించలేదు.

ఇది చదివేలోపే ఎవరైనా పాయింట్ లేపేసుకుని ఉంటే ఇక దాని మీద మళ్ళీ మళ్ళీ ఐరన్ పెట్టొద్దు, లేచిన రేకుని పీకెయ్యొద్దు, ఫెవిక్విక్ అసలే పొయ్యొద్దు. అదే ట్రాక్ వెంట వెనక్కి వెళ్తే ఇంకో వయా ఉంటుంది, పైపూత గీకి అక్కడి నుంచి కొత్త వైరు తీసుకోవచ్చు. చేతకాకపోతే బోర్డుని ఒక పాలిథీన్ కవర్లో కాకుండా కాయితంలో చుట్టి, విప్పిన స్క్రూలు కూడా పోగొట్టకుండా, దగ్గర్లో రిపేరు తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

ఇట్లు,
రిపేరు షాపు నడుపుకునే ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.