కప్పలు అందాయి

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నువ్వు మలేషియా నుంచి పంపిన నాలుగు కప్పలూ క్షేమంగా చేరాయి. క్షేమంగా లేనిది మా అమ్మ ఒక్కతే. పార్సిల్ విప్పి వంటగట్టు మీద పెట్టి నేను స్నానానికి వెళ్ళాను. ఆవిడ కొత్తిమీర కట్ట కోసం చెయ్యి చాపితే మెత్తగా, చల్లగా పచ్చకప్ప తగిలింది. ఆ కేకకు నేను సబ్బు నురగతోనే బయటికి పరిగెత్తాను. "రబ్బరు కప్పను డబ్బులిచ్చి కొన్నవాడొకడు, విమానంలో తెప్పించుకున్నవాడొకడు" అని నిన్నటిదాకా అంటూనే ఉంది. తిట్లలో సగం వాటా నీదే, ఉంచుకో.

కొరమీనుకు ఉత్తుత్తి ఎరగా ఈ కప్పలను విసరాలంటే రీలు, అదే గాలం దారం చుట్టే చక్రం, చేతికి లొంగాలి కదా, ముందు దాని సంగతి చెప్పాలి. విసిరేటప్పుడు బొటనవేలితో చక్రాన్ని అదుపు చెయ్యాలని నువ్వు ఫోనులో ఎంత తేలిగ్గా చెప్పావురా! కప్ప నీళ్ళ మీద పడి ఆగిపోతుంది, చక్రం మాత్రం ఆగదు, దారమంతా లోపలే గూడు కట్టుకుంటుంది. రెండు ఆదివారాలు మా డాబా మీద బకెట్టు పెట్టుకుని విసిరాను. దారం విసిరిన సమయంకంటే చిక్కు తీసిన సమయమే ఎక్కువ. కప్పకున్న గాలపు ముళ్ళకు టేపు చుట్టి సాధన చెయ్యాలన్న తెలివి ఎదురింటాయన లుంగీ చిరిగాక గాని రాలేదు. కొత్త లుంగీ కొనిచ్చాను. అదీ ఈ వేట ఖర్చులోదే.

మూడో ఆదివారం మైలవరం వైపు ఒక చెరువుకు వెళ్ళాను. చెరువును వేలంపాటలో పాడుకున్న పెద్దాయనను ముందే అడిగాను. రోజుకు ఇంత అని మాట్లాడుకున్నాం. అరకిలోకు తగ్గిన చేప పడితే వదిలెయ్యాలన్నది ఆయన షరతు. చెరువులో సగం తామరాకులు, ఒక మూల గుర్రపుడెక్క. మనం చిన్నప్పుడు ఇలాంటి చోట గాలమే వేసేవాళ్ళం కాదు, గుర్తుందా? వెదురుకర్ర, జీలుగు బెండు, వానపాము పట్టుకుని కాలవ గట్టున తేటగా ఉన్న చోటే వెతుక్కునేవాళ్ళం. ఆకుల్లో వేస్తే ముల్లు కాడకు తగులుకుని తెగిపోయేది. కొరమీను ఉండేది ఆ ఆకుల కిందే మరి!

అందుకే నీ కప్పను చూసి ముచ్చటేసింది. జంట ముళ్ళు పైకి తిరిగి వీపుకు అంటుకుని ఉంటాయి కాబట్టి ఆకు మీద నుంచి జారిపోతుందే తప్ప తగులుకోదు. లోపల డొల్ల. చేప నోట నొక్కితే ఒళ్ళు అణిగి అప్పుడు ముళ్ళు బయటపడతాయి. ఇది ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

తామరాకు మీద వేసి, ఒక క్షణం ఆపి, అంచు నుంచి నీళ్ళలోకి మెల్లగా దించాను. రెండు సార్లు కదిలించానో లేదో, కింద నుంచి ఎవరో రాయి విసిరినట్టు నీళ్ళు పగిలాయి. నా చేతులు వాటంతట అవే కర్రను లాగేశాయి. కప్ప గాల్లోకి లేచి నా చొక్కాకు తగిలింది. చేప లేదు. ఇలా ఉదయం 9 గంటలలోపు మూడు సార్లు కొట్టింది, మూడు సార్లూ పోగొట్టుకున్నాను.

ఎందుకు పోయిందో ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద ఆలోచిస్తే తట్టింది. తప్పు కొత్త విద్యది కాదు, పాత విద్యది. బెండు మునగగానే లాగాలని మనకు ఎవరూ నేర్పలేదు. చేప ఎరను కొరుక్కుతిని పోతుంటే పదేళ్ళ వయసులో మన చేతులే నేర్చుకున్నాయి. ముప్పై ఏళ్ళు పోయినా ఆ చేతులకు మునగడం కనిపిస్తే ఆగడం తెలియదు. కొరమీను మాత్రం ముందు కొడుతుంది, తరవాత నోట్లో సర్దుకుని కిందికి తిరుగుతుంది. ఆ తిరిగేదాకా ఆగాలి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమని నువ్వన్నావు. నాకు ఒకటి దగ్గరే గుండె ఆగుతోంది. పెద్దాయన అసలు లెక్కే వద్దన్నారు. "బాబూ, నీళ్ళవైపు చూడకండి, దారంవైపు చూడండి. దారం పక్కకు నడిచినప్పుడు లాగండి" అన్నారు. ఆయన జన్మలో రబ్బరు కప్ప వెయ్యలేదు. అయినా ఆ ఒక్క మాటే పనికొచ్చింది.

ఇంకో మాట కూడా ఆయనదే. కొరమీను గాలి మింగడానికి పైకి వస్తుంది కదా, నీటి మీద చిన్న గుండ్రం లేచి ఒకటి రెండు బుడగలు మిగులుతాయి. కప్పను సరిగ్గా అక్కడే వేస్తే బెదిరిపోతుంది. రెండు బారలు అవతల వేసి ఆ బుడగల మీదుగా ఈదించాలి. నేను మరో రెండు మార్పులు చేశాను. కప్ప వెనక వేలాడే రబ్బరు పోగులను ఒక అంగుళం కత్తిరించాను, చేప వాటిని మాత్రమే పట్టుకుని వదిలేస్తోందని. నాలుగైదు సార్లు విసిరాక కప్ప పొట్ట పిండి లోపల చేరిన నీళ్ళు తీసేస్తున్నాను, లేకపోతే కుంటుతుంది. 50 పౌండ్ల బరువు ఆపే అల్లిక దారం విషయంలో నువ్వన్నదే నిజం. నైలాను దారం సాగి ముల్లు దిగదు. ఇది సాగదు, ఆకులతో సహా లాక్కొస్తుంది.

ఇవాళ పొద్దున పడిందిరా! 6:40కి. దారం ఎడమకు రెండు జానలు నడిచింది, నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, బరువు తెలిశాక లాగాను. తామరకాడల్లో చుట్టుకుంది, మోకాలి లోతు నీళ్ళలో దిగి చేతులతో తీశాను. కిలోంబావు తూగింది. బురద రంగు వీపు, పాముతల, ఒళ్ళంతా జారుడు. ముల్లు తీసేటప్పుడు బొటనవేలు గీసింది, వచ్చేసారి పట్టకారు మరిచిపోను. దీన్ని తెలంగాణవాళ్ళు రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నారు, ఆ మొహం దర్జా చూస్తే కాదనలేం. తడిగోనెలో ఇంటికి తెస్తే దారంతా బతికే ఉంది. అమ్మ చింతపండు పులుసు పెట్టింది. రబ్బరు కప్ప గురించి ఆ పూట ఒక్క మాట అనలేదు.

నువ్వు చెప్పిన ఒక్క కిటుకు మాత్రం నేను చెయ్యను. ఎర్రటి కొరమీను పిల్లల గుంపు నీటి మీద తేలుతుంటే దాని మధ్యలో కప్పను వెయ్యమన్నావు, కాపలా ఉన్న పెద్దచేప తప్పకుండా కొడుతుందని. కొడుతుంది, నిజమే. ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చినదాన్ని తరమడానికి. దాన్ని తీసేస్తే ఆ గుంపును మిగతా చేపలు సాయంత్రానికి ఖాళీ చేస్తాయి. మీ దగ్గర అందరూ అలాగే పడతారని అన్నావు. పట్టనీ. నాకది వేటలా అనిపించలేదు. కోపం తెచ్చుకోకు.

సొంత ప్రయోగం ఒకటి మిగిలింది, నవ్వకుండా చదువు. ఫిన్లాండులో లౌరి రపాలా అనే జాలరి 1936లో చెప్పులు కుట్టే కత్తితో కార్కు బెరడు చెక్కి ఉత్తుత్తి చేపను చేశాడట. పైన చాక్లెట్ రేకు చుట్టి, కరిగించిన ఫోటో నెగటివులు పూశాడట. గాయపడిన చిన్నచేప తూలుతూ ఈదితే పెద్దచేప దాని మీదికే పోతుందని ఆయన కనిపెట్టాడు. బెరడు ఎందుకు, మనకు పక్కనే కొండపల్లి ఉందిగా! బొమ్మలు చేసే ఒకాయన దగ్గర తెల్లపొణికి అనే తేలిక కర్ర ముక్క అడిగి తెచ్చాను. కత్తికి వెన్నలా తెగింది. రంగు వేశాను, వార్నిష్ పూశాను. నీళ్ళలో వేస్తే మహారాజులా వెల్లకిలా పడుకుంది. పొట్ట కింద సీసం ముక్క దిగ్గొట్టాను. ఈసారి తిన్నగా ఈదింది, బొమ్మలాగే, ఏ తూలుడూ లేకుండా. బొమ్మ చేసేవాడికి అది నిలబడితే చాలు, నాకేమో తూలాలి. మూతి దగ్గర రేకు ముక్క ఏటవాలుగా పెట్టి చూడాలి. ఇప్పటిదాకా దాన్ని ఒక మట్టగిడస మాత్రమే పొడిచి చూసి పోయింది.

పచ్చకప్ప పొట్ట మీద పళ్ళ గాట్లు పడి నీరెక్కుతోంది. సైకిల్ ట్యూబుకు వేసే జిగురు రాసి కిటికీలో ఆరబెట్టాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు నల్లరంగువి రెండు తీసుకురా, మబ్బు పట్టిన రోజున అవే బాగా కనిపిస్తాయన్నావుగా. అమ్మకు ఏమైనా తెస్తే ఆవిడకే ఇవ్వు. కప్పలు మాత్రం నేరుగా నా చేతికి.

నీ
రాముడు