మీ నానమ్మ షోకేసు ఖాళీ చేసే ముందు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో ఏలూరు ఇల్లు అమ్మేస్తున్నాం, సామానంతా పాత సామాన్లవాడికి గంపగుత్తగా ఇచ్చేస్తున్నాం అన్నావు చూడు, అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. మీ నానమ్మ షోకేసు నాకు బాగా గుర్తురా. పై అరలో ముదురు నీలం ఫ్లవర్ వాజ్ ఒకటి, దాని పక్కన పింగాణీ బొమ్మలు, కింద అరలో ఊరగాయ జాడీలు ఉండేవి. ఆ షోకేసు జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వకు. ఎందుకో చెప్తాను, కాస్త పెద్ద ఉత్తరమే, టీ పెట్టుకుని కూర్చో.

నేనుండే చోటి నుంచి స్టోక్ ఆన్ ట్రెంట్ కార్లో అరగంట. ఇంగ్లండ్‌లో పింగాణీ అంటే ఈ ఊరే. నేల తవ్వితే బంకమట్టీ బొగ్గూ రెండూ దొరికేవి కాబట్టి కుమ్మరి పని ఇక్కడ వేళ్ళూనుకుంది. వెడ్జ్‌వుడ్ అనే పేరుమోసిన పింగాణీ కంపెనీ మొదలైంది కూడా ఇక్కడే, 1759లో. పింగాణీ కాల్చడానికి సీసా ఆకారంలో ఇటుకలతో కట్టిన పెద్ద పెద్ద బట్టీలు ఒకప్పుడు వేలల్లో ఉండేవట, ఇప్పుడు యాభై కూడా మిగల్లేదు. డిగ్రీలో ఉండగా సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్ళాం, గుర్తుందా? అందరం ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర గుమిగూడి, పింగాణీ గదుల్ని పది నిమిషాల్లో చుట్టేసి బయటపడ్డాం. ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఈసారి వచ్చినప్పుడు ఒక రోజంతా ఆ గదుల్లోనే.

ఇక్కడ నెలకోసారి వేలానికి వెళ్తున్నాను. బాలాపూర్ లడ్డూ పాటలా మైకులూ కేకలూ ఏమీ ఉండవు, చెయ్యి కాస్త ఎత్తితే చాలు పాట మన పేరు మీదికి వచ్చేస్తుంది. అసలు పని మాత్రం ముందురోజే. ఆ రోజు సరుకంతా చూసుకోనిస్తారు. గాజు బీరువా తాళం తీసి వస్తువు చేతికిస్తారు, ఎంతసేపు తిప్పి చూసినా ఏమీ అనరు. మొన్న అలా ఒక మూర్‌క్రాఫ్ట్ వాజ్ చేతికొచ్చింది.

దాని గురించి కాస్త చెప్పాలి నీకు. విలియం మూర్‌క్రాఫ్ట్ 1897లో ఒక కంపెనీలో డిజైనర్‌గా చేరి, 1913లో స్టోక్‌లోనే ఉన్న కోబ్రిడ్జ్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టుకున్నాడు. ఆ పనితనం ఎలా ఉంటుందంటే, మన ఆడపిల్లలు గోరింటాకు కోన్‌తో చేతిమీద గీత లాగుతారు చూడు, అచ్చం అలాగే పల్చటి మట్టిని సన్నటి గొట్టంలోంచి వదులుతూ వాజ్ మీద బొమ్మ అంచులు గీస్తారు. ఆ గీతలు ఉబ్బి గట్టులా నిలబడతాయి. గట్ల మధ్య మడిలో నీళ్ళు పెట్టినట్టు రంగు నింపి, బట్టీలో కాల్చి, పైన గ్లేజు, అంటే గాజులా మెరిసే పూత, పోసి మళ్ళీ కాలుస్తారు. నాకు దొరికింది దానిమ్మ పళ్ళది, 1910 ప్రాంతంలో మొదలుపెట్టిన డిజైను. జానెడు కూడా లేదు. ముదురు నీలం మీద ఎర్రటి పళ్ళు, ఒక పండు పగిలి లోపల ఊదారంగు గింజలు. కళ్ళు మూసుకుని వేలితో తడిమితే ప్రతి గింజా చేతికి తెలుస్తుంది. నూరేళ్ళ కిందట ఎవరో అమ్మాయి ఊపిరి బిగబట్టి లాగిన గీత నా వేలి కింద ఉందంటే ఒళ్ళు జలదరించింది.

ఇంతలో అంచు దగ్గర వెంట్రుకవాసి పగులు కనబడింది. గోటితో తట్టి విన్నాను. కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ తట్టి వినేది, ఖంగుమంటే మంచిది, దబ్బుమంటే పగిలింది. ఇది దబ్బుమంది. ఆ పగులు వల్లే పాట 140 పౌండ్ల దగ్గర ఆగిపోయి నాకు దక్కింది, లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. 140 అంటే అంతే కట్టాలనుకోకు, పైన వేలంవాళ్ళ కమిషన్ 25 శాతం, ఆ కమిషన్ మీద మళ్ళీ 20 శాతం పన్ను, మొత్తం 182 అయింది. అందుకే పాటకి దిగేముందే జేబులో ఎంతుందో కాదు, కమిషన్‌తో కలిపి ఎంతవుతుందో లెక్క వేసుకుంటాను.

ఈ బుద్ధి ఊరికే రాలేదులే. పోయినేడాది ఒక వాజ్‌కి ఫోటో మాత్రమే చూసి ఆన్‌లైన్ వేలంలో పాడాను. "మంచి కండిషన్" అని రాశారు. ఇంటికొచ్చాక చూస్తే మూతి సగం కొత్తగా అతికి రంగేసి ఉంది. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే ఆ ముక్క వేరే రంగులో వెలిగింది, వేలికి కూడా అక్కడ చల్లగా కాకుండా ప్లాస్టిక్‌లా మెత్తగా తగిలింది. చాలా బాధేసిందిరా. అప్పట్నుంచి చేత్తో పట్టుకోనిదే పాడటం లేదు.

ఇప్పుడు మీ షోకేసు సంగతి. 2010లో లండన్ పక్కన ఒక ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిన చైనా వాజ్ వేలంలో 43 మిలియన్ పౌండ్లు పలికింది. పాడినవాడు చివరికి డబ్బు కట్టలేదు, అది వేరే కథ. మీ వాజ్ అలాంటిదని నేననను, ఆశపెట్టను కూడా. కానీ అదేంటో తెలుసుకోకుండా గంపగుత్తగా ఇచ్చేయడం మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. తిరగేసి అడుగు చూడు. "ఇంగ్లండ్" అని ఒక్క మాటే ఉంటే 1891 తర్వాతది అయ్యుంటుంది, దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికావాళ్ళు చేసిన చట్టం ఆ ఏడే అమల్లోకి వచ్చింది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటే ఇంకా తర్వాతది. చైనా అక్షరాలు ఉంటే మాత్రం ముద్రని నమ్మకు, వెనకటి చక్రవర్తుల పేర్లు తర్వాతివాళ్ళు కూడా వేసేవారు. ఏ ముద్రా లేకపోయినా పారేయకు. అడుగున నిలబడే అంచు ఎంత అరిగింది, గ్లేజు లేని చోట మట్టి ఏ రంగులో ఉంది, ఇవి చూడాలి.

సబ్బూ విమ్మూ పెట్టి తోమకు, మెత్తటి తడిగుడ్డతో తుడిస్తే చాలు. మూతి పట్టుకుని ఎత్తకు, రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకో. పగటి వెలుతురులో అడుగు భాగం ఫోటో తీసి పంపు, పక్కన రూపాయి బిళ్ళ పెట్టు, సైజు తెలుస్తుంది. జాడీలవి కూడా పంపు. ఆదివారం సాయంత్రం నేను వీడియో కాల్ చేస్తాను, నువ్వు తట్టి వినిపించు. అప్పటిదాకా ఆ సామాన్లవాణ్ణి గుమ్మం బయటే ఆపు.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ
రాజు