వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ: కాపీ శాతం చూస్తే సరిపోదు

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,

నమస్కారం. థీసిస్‌కి కాపీ శాతం చూపే రిపోర్టు జతచేస్తే నిజాయితీ తేలిపోయినట్టేనని మన విశ్వవిద్యాలయం అనుకుంటోంది. ఆ సాఫ్ట్‌వేర్ మాటల పోలికను పడుతుంది గానీ, కల్పించిన అంకెలను పట్టదు. 2002లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ బాగోతం ఎలా బయటపడింది? వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో చివరికి నాయిస్ (కొలతల్లో యాదృచ్ఛికంగా వచ్చే చిన్న హెచ్చుతగ్గులు) కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండటంతో. విచారణ కమిటీ అడిగితే ల్యాబ్ నోట్‌బుక్‌లు సరిగా లేవు, ముడి డేటా లేదు. కంప్యూటర్‌లో చోటు చాలక చెరిపేశానన్నాడు!

మరి మన స్కాలర్ల ముడి డేటా ఎక్కడుంది? చాలామందిది సొంత పెన్‌డ్రైవ్‌లోనే. దానికో సర్వర్, లెక్కలు సరిచూసుకోవడానికి ఒక గణాంక నిపుణుడు కావాలి.

ఇక అసలు చిక్కు. పనిలో పాలుపంచుకోని వారి పేరును రచయితల్లో చేర్చమని గైడే అడిగితే స్కాలర్ ఎవరితో చెప్పుకోవాలి? థీసిస్‌పై సంతకం పెట్టేదీ ఆయనే కదా, పిల్లి మెడలో గంట కట్టేదెవరు? శాఖతో సంబంధం లేని సలహాదారును నియమించండి, ఫిర్యాదుదారుల పేర్లు గోప్యంగా ఉంచండి. తెలియక జరిగిన పొరపాటును శిక్ష భయం లేకుండా సరిదిద్దుకునే దారి కూడా చూపండి.

వచ్చే అకడమిక్ కౌన్సిల్ ఎజెండాలో ఈ విషయం చేర్చాలని మనవి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థి