ముందు షాంపూ ప్యాకెట్ల సంగతి చూడండి

సంపాదకుల వారికి,

స్నానాలగదిలో ప్లాస్టిక్ తగ్గించాలనగానే అందరూ వెదురు బ్రష్షుల గురించే మాట్లాడుతున్నారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అసలు బెడద కిరాణా కొట్లో దండల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లది. నలుగురున్న ఇంట్లో తలా వారానికి రెండు తలస్నానాలనుకున్నా ఏడాదికి నాలుగు వందల పైమాటే. ఆ ప్యాకెట్‌లో పాలిస్టర్, అల్యూమినియం పూత, పాలిథిన్ పొరలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. విడదీసే వీల్లేదు కాబట్టి పాత సామాన్లవాళ్లు ముట్టుకోరు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్స్‌ను దేశమంతా నిషేధించారు గానీ, ఆ జాబితాలో షాంపూ ప్యాకెట్ లేదు.

చింపిన మూల ముక్క గోరంత ఉంటుంది. జాలీ కన్నంలోంచి జారి, కింద ట్రాప్‌లో, అంటే నీళ్లు నిలిచే గొట్టం వంపులో, వెంట్రుకలకు చిక్కుకుంటుంది. దాని మీద సబ్బు మడ్డి పేరుకుని నీళ్లు నిలిచిపోతాయి. ప్యాకెట్ కొనక తప్పనివారు మూలను పూర్తిగా తెంపకుండా సగం దాకా కత్తిరిస్తే ముక్క ఊడదు. ఖాళీ ప్యాకెట్లను నీళ్లపొయ్యిలో వేయడం మాత్రం మానాలి. ఆ పొగ ముందు పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లకే తగులుతుంది.

దీనికి విరుగుడు మన ఏజెన్సీలోనే ఉంది. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో కుంకుడుకాయలూ, శీకాయా ఉన్నాయి. పొడుగు జుట్టుకు పది పన్నెండు కుంకుడుకాయలు చాలు. రాయితో చితక్కొట్టి గింజలు తీసేయాలి. నురగనిచ్చే సాపోనిన్ పైపెచ్చులో ఉంటుంది, గింజ పిసకడానికి అడ్డమే. పెచ్చుల్ని అర లీటరు వేడినీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున బాగా పిసికి, పాత నూలుగుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే పిప్పి జుట్టులో ఇరుక్కుంటుంది, జాలీకీ అడ్డం పడుతుంది. పిప్పిని పారేయకండి, ఇత్తడి, వెండి సామాను తోమడానికి అంతకంటే మంచిది లేదు.

కుంకుడు వదిలేసినవాళ్లు చెప్పే కారణాలు మూడు. నురగ రాలేదంటారు. నూనె దట్టంగా పట్టించిన తలకు మొదటి విడతలో రాదు, రసాన్ని రెండు భాగాలు చేసుకుని రెండుసార్లు రుద్దాలి. కళ్లు మండాయంటారు. నిజమే, బాగా మండుతాయి. తల వెనక్కి వాల్చి పోసుకోవాలి, పసిపిల్లలకు వాడకపోవడమే మేలు. మిగిలిన రసం కంపు కొట్టిందంటారు. వేసవిలో మర్నాటికే పులుస్తుంది కాబట్టి ఏ పూటకాపూట చేసుకోవడమే పద్ధతి. కాయలు వానాకాలం చెమ్మ పీల్చి జిగటగా అవుతాయి, ఎండలో పెట్టి స్టీలు డబ్బాలో పోసుకోవాలి. ఉప్పునీటి బోర్లున్న ఊళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. ఆ నీళ్లలోని కాల్షియంతో సబ్బు తెల్లటి మడ్డి కడుతుంది, కుంకుడు రసం కట్టదు.

షాంపూయే కావాలంటే పెద్ద సీసా కొనండి, అది పాత సామాన్లకు పోతుంది. రీఫిల్ పౌచ్ చూడ్డానికి పొదుపుగా ఉన్నా చాలావాటిలో మళ్లీ అవే పొరలు. బాడీవాష్ సీసాలో సగానికి పైగా నీళ్లే, కాగితంలో చుట్టిన సబ్బు దానికి తీసిపోదు. సబ్బు రేపర్ మీద టీఎఫ్ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) అంకె చూసుకోండి. 76 శాతమూ ఆపైన ఉంటే మొదటి గ్రేడు, తొందరగా అరగదు. అదైనా కన్నాల్లేని సబ్బుపెట్టెలో పెడితే నాని ముద్దవుతుంది. అడుగున గుప్పెడు కొబ్బరిపీచు వేస్తే నీళ్లు కిందికి జారిపోతాయి. పీచుకు ఉద్దానం కొబ్బరితోటలున్న జిల్లాలో కరువేముంది!

ఒళ్లు రుద్దుకునే నైలాన్ పీచు బదులు నేతిబీర పీచు వాడొచ్చు. కాయ తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలలాడాలి. పచ్చిగా కోస్తే పీచు మెత్తబడి చిరిగిపోతుంది. వాడాక గాలికి వేలాడదీయాలి, లేకుంటే బూజు పడుతుంది.

టైల్స్ మీది తెల్లమరకలకు సీసాల కొద్దీ క్లీనర్ అక్కర్లేదు. లీటరు వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, అరగంట ఉంచి, కొబ్బరి ఈనెల చీపురుతో రుద్దితే చాలు. పాలరాయికీ, మొజాయిక్‌కీ, సిమెంటు గచ్చుకీ వద్దు, తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరుతో దీన్నిగానీ, టాయిలెట్ యాసిడ్‌ను గానీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన చిన్న గదిలో ప్రాణాపాయం. వంటసోడా, వెనిగర్ కలిపితే పొంగు తప్ప పని జరగదు, ఒకదాన్నొకటి విరిచేస్తాయి.

ఉన్న ప్లాస్టిక్ బకెట్‌ను ఇప్పుడే పారేసి స్టీలుది కొనడం అర్థం లేని పని, పగిలేదాకా వాడుకోవాలి. చెంబు కొనే ఆలోచన ఉన్నవారు మాత్రం సారవకోట మండలం బుడితి ఇత్తడి వైపు ఓసారి చూడొచ్చు.

ఇక అధికారులకు ఒక విన్నపం. రెండు జిల్లాల రైతుబజార్లలో గిరిజన సహకార సంస్థ చేత కుంకుడుకాయలు, శీకాయ పొడి కాగితపు పొట్లాల్లో పావుకిలో లెక్కన అమ్మించాలి. గింజ తీసిన పెచ్చులు విడిగా పెడితే ఇంకా మంచిది. పొద్దున్నే పనికి పరిగెత్తేవాళ్లకు కాయలు కొట్టే తీరిక ఉండదు, ప్యాకెట్ గెలిచేది అక్కడే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శ్రీకాకుళం