అమ్మ చేత మళ్లీ అన్నం తినిపించిన ఇద్దరు సిస్టర్లకు

మా అమ్మకు అంగిట్లో క్యాన్సర్ అని తెలిసినవాళ్లంతా ఎలా ఉందని అడుగుతున్నారు. బాగుంది. డాక్టర్లకు దణ్ణం పెట్టే వచ్చాం. ఈ పోస్టు మాత్రం ఇద్దరు నర్సుల కోసం. పేర్లు వేయొద్దన్నారు, వేయడం లేదు.

మాది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరు. మా దగ్గర పెద్దవయసు ఆడవాళ్లు అడ్డచుట్ట తాగుతారు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పొగ పీల్చడం బయటివాళ్లకు వింత గానీ మాకు కాదు. అమ్మా అంతే. విశాఖలో ఆపరేషన్ అయ్యాక 30 సార్లు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు.

మొదటి రోజే రేడియేషన్ వార్డు సిస్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి ఎప్పుడేమవుతుందో చెప్పేసింది. రెండో వారం దాటాక నోరు పూస్తుంది, ఉమ్మి జిగురవుతుంది, రుచి పోతుంది, మెడ మీద చర్మం కమిలి నల్లబడుతుంది. "రోగం తిరగబెట్టిందనుకుని కంగారు పడకండి" అంది. లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు ఆరేడుసార్లు పుక్కిలించమంది. ఏ చెంచా అని అడిగితే తన టిఫిన్ డబ్బాలోని చెంచా తీసి చూపించింది!

అన్నట్టే మూడో వారానికి అమ్మ, "నలభై ఏళ్లు నోట్లో నిప్పెట్టుకున్నాను గానీ ఇలాటి మంట ఎరగనే" అని ఏడ్చింది. డాక్టరు రాసిన మొద్దుబార్చే మందు పట్టించి, కాస్త ఆగి చోడి (రాగి) అంబలి చెంచాతో సిస్టరే తాగించింది. వారం వారం బరువు చూసేది. బాగా తగ్గిపోయిందని డాక్టరుకు చెప్పి ముక్కుగొట్టం వేయించిందీ ఆవిడే.

ఇంటికొచ్చే ముందు ఇంకో మాట చెప్పింది. కరెంటు ఆగినా పది పన్నెండు రోజులు ఇంకా ముదిరి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుందని. ఆ మాట లేకపోతే మేం బెంగతోనే పోయేవాళ్లం.

ఊళ్లో మా పెద్దమ్మ మెడకు పసుపు రాసింది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో గొట్టం కదలకుండా ఆ కమిలిన చర్మం మీదే ప్లాస్టరు అంటించారు. తీస్తే తోలు ఊడొచ్చింది.

అప్పుడు మా ఏఎన్ఎం సిస్టర్ వచ్చింది. "రేడియేషన్ పేషెంటును నేనెప్పుడూ చూడలేదండీ, తెలియకుండా చెయ్యి పెట్టను" అని, మా అరుగు మీదే కూర్చుని విశాఖ సిస్టర్‌కు ఫోన్ చేసింది. అరగంట మాట్లాడి అన్నీ తన నోటుబుక్కులో రాసుకుంది. తెలియదని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆ రోజు చూశాను. పెద్దమ్మను ఒక్క మాట అనకుండా సెలైన్‌తో పసుపు కడిగింది. అంటుకోని డ్రెస్సింగ్ వేసి, గొట్టానికి ప్లాస్టరు మెడ దాకా రాకుండా ముక్కు మీదే అంటించింది. పన్నెండు రోజులు రోజూ సాయంత్రం డ్యూటీ అయ్యాక వచ్చింది. గొట్టంలో పాలు పోసే ముందు, పోశాక నీళ్లు ఎలా పోయాలో మా ఆవిడకు నేర్పింది.

గొట్టం తీసేసి మూడు నెలలైంది. నోరు ఇంకా ఎండిపోతోంది, పక్కన నీళ్ల సీసా ఉండాల్సిందే. చుట్ట మాత్రం మానేసింది. మొన్న పప్పుచారు అన్నం తింటూ "ఉప్పెక్కువేసినావేటే" అని మా ఆవిణ్ని కసిరింది. ఆవిడ నవ్వుతూ అదే మాట ఇద్దరు సిస్టర్లకూ ఫోన్ చేసి చెప్పింది.