స్నోమొబైల్ ట్రెయిళ్లు: గురువారం రాత్రి 8కి జూమ్ కాల్

అందరికీ నమస్కారం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) నడిపేవాళ్లందరూ గురువారం కాల్‌కి తప్పక రావాలి.

విషయం ఇదీ. ట్రెయిళ్ల (ఈ బండ్లు వెళ్లే దారుల) గురించి గవర్నర్‌కి, శాసనసభకి, డీఎన్ఆర్‌కి (రాష్ట్ర సహజ వనరుల శాఖకి) సలహా ఇచ్చేది స్నోమొబైల్ రిక్రియేషనల్ కౌన్సిల్. 15 మంది సభ్యులు. గవర్నర్ పేర్లు ప్రతిపాదిస్తే సెనేట్ ఒప్పుకోవాలి. ఉత్తర ప్రాంతం నుంచి కనీసం 5గురు, దక్షిణం నుంచి కనీసం 5గురు ఉండాలని చట్టంలోనే ఉంది. అంటే మన మాడిసన్, మిల్వాకీ వైపు మాట చెప్పేవాళ్లు కూడా అక్కడున్నారు. మనం ఈ గ్రూప్‌లో ఎంత గొణుక్కున్నా వాళ్లకు వినబడదు కదా!

బుధవారంలోగా మీ కౌంటీ ఇబ్బంది రెండు లైన్లలో ఇక్కడ పెట్టండి. ఏ ట్రెయిల్, ఏ రోడ్డు దాటే చోట అన్నది స్పష్టంగా రాయండి. "ట్రెయిళ్లు బాలేవు" అంటే ఎవరూ పట్టించుకోరు. అన్నీ కలిపి ఒకే ఉత్తరంగా ఆ కౌన్సిల్‌కి నేను పంపుతాను.

బండి రిజిస్ట్రేషన్ గడువు దాటితే వెంటనే రెన్యూ చేయించండి. ఎందుకంటే ట్రెయిళ్లకు వచ్చే గ్యాస్ (పెట్రోల్) ట్యాక్స్ వాటాని రిజిస్టరైన ఒక్కో బండికి 50 గ్యాలన్ల చొప్పున లెక్కకడతారు. ట్రెయిల్ పాస్ (ట్రెయిళ్ల మీద నడిపేందుకు అనుమతి) కొనేముందు లోకల్ క్లబ్‌లో చేరండి, పాస్ చవగ్గా వస్తుంది.

మళ్లీ చెబుతున్నా: చాలా ట్రెయిళ్లు రైతుల పొలాల మీదుగానే వెళ్తాయి. గుర్తులు పెట్టిన దారి దాటొద్దు. ఒక్క రైతు వద్దన్నా ఆ దారి మూతే.